వాగ్దాన కార్డు మీద లేని సగం

ఈ వారం ఉత్తరం ఉద్దానం నుంచి వచ్చింది. రాసినాయన పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం బాగా పొడవైనది కాబట్టి అసలు సంగతి పోకుండా కుదించి చెబుతాను.

ఆయనకు నలభై దాటాయి. మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. తాతగారు మిషన్ బడిలో బైబిలు చదువుతూనే అక్షరాలు నేర్చుకున్నారట. ఎకరం జీడితోట, గట్ల మీద కొబ్బరిచెట్లు ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఒక్క రాత్రిలో అన్నీ పోయాయి. తర్వాతి ఆదివారం రేకులు ఎగిరిపోయిన చర్చిలోనే కూర్చుని సంఘమంతా బైబిల్లోని హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం చదువుకున్నారు. "అంజూరపు చెట్లు పూయకుండినను అని పాస్టరు గారు చదువుతుంటే నా తోటే కళ్లముందు కనబడింది. ఆ మాటలే నన్ను నిలబెట్టాయి" అని రాశారు. మొక్కలు మళ్లీ వేశారు. అవి కాపుకొచ్చేలోపు ఇల్లు గడవాలి కదా. పలాసలో జీడిపిక్కలు కొనే ఒక షావుకారు దగ్గర కాటా గుమస్తాగా చేరారు. ఇప్పుడు తోట కాస్తోంది గానీ, అప్పులూ అమ్మాయి చదువూ ఆ కాపుతో తీరేవి కావు. ఉద్యోగం అలాగే ఉండిపోయింది.

"తేమకని, గోనెకని తరుగు తీయడం అందరికీ తెలిసిందే, రైతుకు చెప్పే తీస్తాం. దానిపైన ఇంకో రెండు కిలోలుంటాయి. అవి చెప్పేవి కావు. కాటా అంకెలు నా వైపు తిప్పి ఉంటాయి. 80 కిలోలు తూగిన బస్తాకి చీటీలో 78 రాయాలి. అది షావుకారు మాట. సీజన్ అయ్యాక నా చేతిలోనూ కొంత పెడతాడు."

వాళ్ల వీధిలో ఒక ముసలావిడ ఉంది. చర్చికి వచ్చే మనిషి కాదు. పోయిన సీజన్లో నాలుగు బస్తాల పిక్కలు ఆటోలో వేసుకుని, ఊళ్లో కొనేవాళ్లను కాదని పలాస దాకా వచ్చింది. "నువ్వు ప్రభువుని నమ్ముకున్నోడివి బావూ, నీ కాటా అయితే మోసముండదని తెచ్చినాను" అంది. షావుకారు పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఈయన నాలుగు బస్తాలకీ రెండేసి కిలోలు తగ్గించే రాశారు.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం వాక్యం చదివే వంతు ఆయనకొచ్చింది. సామెతలు 11. మొదటి వచనమే "దొంగత్రాసు యెహోవాకు హేయము". గొంతు పెగల్లేదు. జలుబని చెప్పి కూర్చున్నారు. అప్పట్నుంచి ఇంట్లో బైబిలు తీయడం లేదు. మొదటి ఆదివారాలు చర్చిలో ఇచ్చే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, తీసుకోవడం లేదు. మనసు ఊరుకుంటుందేమోనని కానుక మాత్రం దశమభాగం కన్నా ఎక్కువే వేస్తున్నారు. భార్యకు చెబితే, "నువ్వొక్కడివి మానేస్తే షావుకారు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. అమ్మాయి నర్సింగ్ ఇంకా రెండేళ్లుంది. తీసుకున్న అడ్వాన్సు అరవై వేలు ఎవరు కడతారు?" అంది. పాస్టరు గారికి చూచాయగా చెబితే ప్రార్థన చేయమన్నారు. చర్చి ప్రహరీకి సిమెంటు ఇచ్చింది ఆ షావుకారే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని ఒక్కొక్కరూ బైబిలు వచనం ఉన్న ఒక కార్డు తీస్తారు. ఆయన తీసిన వాగ్దాన కార్డు ఇది: "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను." పర్సులో పెట్టుకున్నారు. తీసి చూడలేకపోతున్నారు. "తుపానప్పుడు ఓదార్చిన వాక్యం ఇప్పుడు నన్ను చంపుతోంది. ఏది నిజం? ఇంకో నెలలో పిక్కలు దిగుతాయి. ఉద్యోగం మానేయనా? బైబిలు మళ్లీ మొదలుపెడితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?" అని అడిగారు.

సమాధానం:

సోదరా, ముందు ఆ కార్డు తీయండి. ఇంట్లో ఉన్న బైబిలు కూడా తీసి హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం 5వ వచనం చూడండి. కార్డు మీద వేసింది ఆ వచనంలో సగమే. మొదటి సగం ఇది: "ధనాపేక్షలేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొంది యుండుడి." ఆ వెంటనే, ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా, మీ కార్డు మీది మాట వస్తుంది. డబ్బు గురించి భయపడే మనిషికే దేవుడు "నిన్ను విడువను" అన్నాడు. ఆ భయం మీద చెయ్యి వేయడానికే ఆ మాట అక్కడుంది.

ఆ పత్రిక ఎవరికి రాశారో కూడా చూడండి. 10వ అధ్యాయం 34వ వచనంలో తెలుస్తుంది. విశ్వాసం కోసం ఆస్తి పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. ఇల్లూ వాకిలీ కుదిరి, అప్పుల్లేక హాయిగా ఉన్నవాళ్లకు చెప్పిన మాట అయితే మీకూ నాకూ దానితో పెద్ద పని లేదు. పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకు, ఇంకా పోతుందేమోనని భయపడేవాళ్లకు చెప్పారు కాబట్టే అది మీ మాట.

హబక్కూకు సంగతీ అంతే. మీ సంఘం ఆ రోజు మూడో అధ్యాయం చదివింది. మంచి పని చేసింది. చెట్లు పడిపోయినవాడికి ఆ వేళ కావలసింది అదే. అయితే చెట్లు పూయకపోయినా దేవునిలో ఆనందిస్తాను అనే ఆ పాటకు ముందు రెండో అధ్యాయం ఉంది. తనది కానిదాన్ని పోగుచేసుకునేవాడికి శ్రమ అని ఆ ప్రవక్త అక్కడ గట్టిగా అన్నాడు. ఆ మాట అన్న నోటితోనే అంజూరపు చెట్టు పాట పాడాడు. తుపానప్పుడు మిమ్మల్ని పట్టుకున్నదీ, సామెతలు 11 చదువుతుంటే మీ గొంతు పట్టుకున్నదీ ఒకే చెయ్యి. ఏది నిజం అని అడిగారు కదా, రెండూ నిజం. రెండో దాన్ని వదిలించుకుని మొదటిదాన్ని మాత్రమే ఉంచుకోవాలని చూశారు కాబట్టే ఏడాదిగా రెండూ లేకుండా పోయాయి.

మన సంఘాల్లో ఈ అలవాటు ఉంది, చెప్పక తప్పదు. గోడ మీద కేలెండరులో వాగ్దానం, ఫోనులో పొద్దున్నే వాగ్దానం, కొత్త సంవత్సరానికి వాగ్దానం. అవి తప్పని నేననను. ఆస్పత్రి మంచం మీద ఒక్క వాగ్దానం పట్టుకుని బతికినవాళ్లు నాకు తెలుసు. కానీ వాగ్దానాలు మాత్రమే ఏరుకుని తినే సంఘంలో, వాక్యం ఒక రోజు గట్టిగా మాట్లాడితే మనిషి బెదిరిపోతాడు, దేవుడు తనను వదిలేశాడనుకుంటాడు. మీకు జరిగింది అదే. సామెతలు 11 మీ నోటికి అడ్డం పడిన ఆ ఆదివారం దేవుడు మిమ్మల్ని వదల్లేదు. వదిలేసి ఉంటే ఆ వచనం గడగడా చదివేసి వచ్చి కూర్చునేవారు.

అయితే మీ ఉత్తరంలో రెండు గొంతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయాలి. "ఆ ముసలావిడ ఎనిమిది కిలోలు నా చేతి మీదుగా పోయాయి" అని ఒకచోట రాశారు. "నాలాంటివాడికి దేవుడి దగ్గర ఇక చోటెక్కడిది" అని ఇంకోచోట రాశారు. మొదటిది వాక్యం అడుగుతున్నది. అందులో ఒక మనిషి ఉంది, ఒక లెక్క ఉంది, దిద్దుకునే దారి ఉంది. రెండోదానిలో చేయగలిగిన పని ఏదీ లేదు, ఊరికే నలిపేస్తుంది. అది మీ గుండె మీ మీద వేసుకున్న నింద. మన గుండె మన మీద నేరం మోపినా దేవుడు మన గుండె కన్నా గొప్పవాడు అని యోహాను తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో రాసింది ఇలాంటి రాత్రుల కోసమే. ఇక ముందు ఈ మాటలు లోపల మొదలైనప్పుడు ఒకటే చూసుకోండి. అది మీకు చేయాల్సిన పని చూపిస్తోందా, లేక ఊరికే తిడుతోందా? పని చూపిస్తే వినండి. తిడుతుంటే దాని నోరు మూయించడానికి మీ పర్సులోని కార్డు చాలు.

ఎక్కువ కానుక వేస్తున్న సంగతి. ఆపేయండి. దశమభాగం ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, దానిపైన మనసు నొప్పికి వేస్తున్నది మాత్రం ఆపండి. పుదీనాలోనూ జీలకర్రలోనూ పదో వంతు లెక్కగా ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసినవాళ్లతో యేసు ఎంత కటువుగా మాట్లాడాడో మత్తయి 23లో ఉంది. మీరు పెట్టెలో వేస్తున్న ఆ డబ్బు ఆ ముసలావిడది, ఆవిడలాంటివాళ్లది. దేవుడు దాన్ని తనకిమ్మని అడగలేదు.

బల్ల గురించి. ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకోవాలి అన్న కొరింథీ పత్రిక మాట మీకు తెలుసు. మనవాళ్లు చాలామంది అక్కడ ఆగిపోయి ఇంటికెళ్లిపోతారు. ఆ వచనం అక్కడ ఆగదు. పరీక్షించుకుని, అలా చేసి, ఆ రొట్టె తిని ఆ పాత్రలోది తాగాలి అంటుంది. దూరంగా ఉండమని చెప్పలేదు. మరోవైపు, నీ మీద సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం ముందే పెట్టి ముందు వెళ్లి సమాధానపడు అని కూడా యేసు అన్నాడు. ఈ రెండూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: దిద్దుకునే పని మొదలుపెట్టండి, మొదలుపెట్టినవాడిగా బల్లకు వెళ్లండి. అంతా తేలేదాకా ఆగక్కర్లేదు. సుంకం వసూలు చేసే జక్కయ్య యేసును చూడాలని చెట్టెక్కాడు. ఆయన లెక్కలన్నీ తీర్చాక యేసు ఆయన ఇంటికి వెళ్లలేదు. చెట్టు మీదున్నప్పుడే, ఒక్క రూపాయి తిరిగివ్వకముందే, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. ఆయన ఇంట్లోకి వచ్చాకే నాలుగింతలు తిరిగిస్తానన్న మాట జక్కయ్య నోట వచ్చింది.

ఇప్పుడు మీ భార్య గురించి. ఉత్తరంలో ఒక మాట రాశారు, పైన నేను కుదించిన దాంట్లో దాన్ని కావాలనే వేయలేదు. "యోబు భార్యలా మాట్లాడుతోంది" అన్నారు, అన్నీ పోయిన భర్తను దేవుణ్ణి దూషించి చచ్చిపొమ్మన్న బైబిలు స్త్రీతో పోల్చి. ఆ మాట ఆవిడ ముందు అనలేదనే ఆశిస్తున్నాను. ఆవిడ జీడిపప్పు కర్మాగారంలో పిక్కలు కోసే పని చేస్తారని మీరే రాశారు. ఆ పని చేసే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకు తెలుసు. పిక్క కోసినప్పుడు కారే జీడి రసం ఒలిచేస్తుంది, వేళ్ల చివర్లు నల్లబడి చర్మం పొరలు పొరలుగా లేస్తుంది, సాయంత్రం అన్నం కలుపుకుంటే మంట. ఆ చేతులతో సంపాదించి, డ్వాక్రా వాయిదా కట్టి, కూతుర్ని నర్సు చేయాలని రెండేళ్లు లెక్కపెట్టుకుంటున్న మనిషి "అరవై వేలు ఎవరు కడతారు" అని అడిగితే అది అవిశ్వాసం కాదు. అడగాల్సిన ప్రశ్నే. యోబు భార్యను కూడా మన ప్రసంగాల్లో తేలిగ్గా తీసిపారేస్తారు. పోయిన పదిమంది పిల్లలూ ఆవిడ కన్నవాళ్లే కదా. మీరు తీసుకోబోయే ఏ నిర్ణయమైనా ఆవిడ వంటింట్లోకి వస్తుంది. కాబట్టి వాక్యం చేతిలో పట్టుకుని ఆవిడకు తీర్పు చెప్పొద్దు. అప్పుల కాగితం, జీతం లెక్క, అమ్మాయి ఫీజు తేదీలు ముందు పెట్టుకుని ఇద్దరూ ఒక పూట కూర్చోండి. ఆ ముసలావిడ మాట కూడా ఆవిడకు చెప్పండి. ఆ సంగతి ఆవిడకు చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఉద్యోగం మానేయనా అని అడిగారు. నేను మానేయమనను, ఉండమనను. లూకా సువార్త మూడో అధ్యాయం చదవండి. సుంకం వసూలు చేసేవాళ్లు బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకొచ్చి మేమేం చేయాలి అని అడిగారు. అంత కఠినంగా మాట్లాడే మనిషి, వాళ్లను ఆ కొలువు వదిలేయమనలేదు. మీకు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులు అడిగితే ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, జీతంతో తృప్తిపడమన్నాడు. అంటే చేసే చోటే నిటారుగా నిలబడే దారి ఒకటుంది. అది కుదురుతుందా లేదా అన్నది మీ షావుకారుతో మాట్లాడితే గానీ తెలియదు.

మాట్లాడటానికి ఇదే సరైన సమయం. పిక్కలు దిగాక, వాకిట్లో బస్తాలు వరసగా ఉన్నప్పుడు ఈ మాట ఎత్తితే ఆయనకు అది తిరుగుబాటులా ఉంటుంది. ఈ నెలలో, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లండి. మీరు చేస్తున్నది పాపం అని మొదలుపెట్టొద్దు. మీ సంగతి మీరు చెప్పండి: "అయ్యా, చీటీలో తక్కువ రాయడం ఇక నా వల్ల కావడం లేదు. రైతుకు చెప్పి తీసే తరుగు ఎంతంటే అంత రాస్తాను. చెప్పకుండా తీసేది మాత్రం రాయలేను." దానితోపాటు ఆయనకు ఒక దారి చూపించండి. కాటా మీద కాకుండా గోదాములో సరుకు లెక్క, బాయిలరు దగ్గర బస్తాల లెక్క, లారీల లోడింగు, ఏదైనా ఇవ్వమనండి. దానియేలు కూడా రాజు భోజనం వద్దన్నప్పుడు కేకలేయలేదు. పది రోజులు ఇలా చేసి చూడండి అని అధికారిని బతిమాలుకున్నాడు. లేదంటే కాటా అంకెలు రైతు వైపు తిప్పి, తరుగు ఎంతో బోర్డు మీద రాసి, ఈ ఒక్క సీజన్ చూడమనండి. తూకం మీద నమ్మకం కుదిరితే రైతు ఇంకో గుమ్మం తొక్కడని ఆయనకూ తెలుసు. ఆ ముసలావిడ ఆటో కట్టించుకుని వచ్చింది అందుకే కదా.

ఆయన ఒప్పుకోవచ్చు. వేరే పనిలో పెడితే సీజన్ చివర ఇచ్చేది పోతుంది, దానికి ముందే సిద్ధపడండి. ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. మీ చోట ఇంకొకరు కూర్చుని అదే రాస్తారు. మీ చేతులు శుభ్రపడతాయి గానీ రైతుకు ఒరిగేదేమీ ఉండదు. దానితో సరిపెట్టుకోగలరా అన్నది మీరే చూసుకోవాలి. సరిపెట్టుకుంటే నేను తప్పుపట్టను. అందరి బరువూ ఒక్క గుమస్తా మీద పెట్టడం న్యాయం కాదు.

ఆయన ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగి కట్టి పొమ్మంటాడు. అందుకే వెళ్లేముందు ఆ అరవై వేలకు లెక్క చూసుకోవాలి. జీతంలో ఎంత విరిగిందో, ఎంత మిగిలిందో రాసి పెట్టుకోండి. నెలనెలా కడతానని కాగితం రాసిస్తానని అనండి. చాలామంది దానికి ఒప్పుకుంటారు. మీరు పారిపోయే మనిషి కాదని ఆయనకు తెలుసు. ఏ పరిస్థితిలోనూ రోజువారీ వడ్డీకి తెచ్చి దాన్ని తీర్చొద్దు. అలా తీరిస్తే ఒక షావుకారు దగ్గర నుంచి ఇంకో షావుకారు చేతిలో పడతారు. డ్వాక్రా గ్రూపులో మీ భార్యకు ఎంత వస్తుందో ఆవిడనే అడగండి. మీ ఎకరం తోట కాపు ఈ సీజన్లో చేతికొచ్చేదాకా ఒక రెండు మూడు నెలలు గట్టిగా నడవాలి. ఆ నెలలు ఎలా గడుస్తాయో కాగితం మీద రాసి చూశాకే మానేయాలా వద్దా అనేది తేల్చండి. విశ్వాసం అంటే లెక్క చూసుకోకపోవడం అని యేసు ఎక్కడా అనలేదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని శిష్యరికం గురించే ఆయన అన్నాడు, లూకా 14లో.

ఎవరికీ చెప్పకుండా సరైన తూకం రాసేస్తాను, ఏమైతే అదవుతుంది అనే ఆలోచన కూడా ఉత్తరంలో ఉంది. ధైర్యమున్న ఆలోచనే. కానీ నెలాఖరున గోదాము లెక్కకూ చీటీలకూ పొంతన చూసినప్పుడు, ఇన్నాళ్లూ వస్తున్న ఆ రెండు కిలోలూ ఏమయ్యాయని షావుకారు అడుగుతాడు. దొంగ అన్న మాట మీ మీద పడుతుంది. నిజం రాసినందుకు అబద్ధికుడివి అనిపించుకోవడం ఎందుకు? చెప్పి చేయండి.

తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. తప్పుడు తూకం నేరమే. అయితే ఆ కాటా మీద చెయ్యి మీది, ఆ చీటీల్లో దస్తూరి మీది. తనిఖీ వస్తే మొదటి ప్రశ్న మిమ్మల్నే అడుగుతారు. వెళ్లదలిస్తే ముందు తెలిసిన వకీలును కలిసి వెళ్లండి. ఆ ఊళ్లో బతకాల్సింది మీరు, అందుకని మీ తరఫున నేను తొడగొట్టను.

ఉన్నట్టే ఉండిపోవడం కూడా ఒక దారే. చాలామంది ఉంటున్నారు. యెహోవాను కొత్తగా నమ్ముకున్న సిరియా సేనాపతి నయమాను, రిమ్మోను అనే దేవుడి గుడిలో తన రాజుతోపాటు వంగినప్పుడు క్షమించమని అడిగితే ఎలీషా ప్రవక్త నెమ్మదిగా పొమ్మన్నాడు కదా అని కొందరు మీకు చెప్పొచ్చు. ఆ కథ నాకు చాలా ఇష్టం. చిక్కులో ఉన్న కొత్త విశ్వాసి మీద దేవుడు ఎంత మెత్తగా ఉంటాడో అందులో ఉంది. కానీ నయమాను వంగితే ఏ ముసలావిడ బస్తా తగ్గలేదు. మీ సంగతిలో ప్రతి చీటీకీ అవతల ఒక మనిషి ఉన్నాడు. తిత్లీకి ముందు అదే కాటా ముందు మీ పిక్కలు వేసుకుని మీరూ నిలబడ్డారు. ఇలాగే ఉండిపోతే మీకు రానున్నది ఉద్యోగం పోవడం కన్నా పెద్ద నష్టం. కొన్నాళ్లకు ఆ వచనం చదివినా గొంతు పట్టుకోదు. నాకు భయం అక్కడే.

ఇక ఆ ఎనిమిది కిలోలు. షావుకారు తిన్నది మీరు కట్టాలా అంటే, సీజన్ చివర మీ చేతిలో పెట్టింది అందులోదే. లేవీయకాండం ఆరో అధ్యాయంలో దేవుడు పెట్టిన లెక్క ఉంది. తీసుకున్నది పూర్తిగా ఇచ్చి, దానిపైన ఐదో వంతు కలపాలి. ఆ రోజు ధరకు ఎనిమిది కిలోల డబ్బూ, మీద ఐదో వంతూ మీ పెట్టె కానుకల కన్నా తక్కువే అవుతుంది. మిగతా రైతులందరినీ ఇప్పుడు వెతికి పట్టుకోలేరు. తెలిసినవాళ్లకు తెలిసినంత, ఒకరొకరికి ఇవ్వండి. ఆ ముసలావిడకు డబ్బు ఎలాగైనా చేర్చొచ్చు, ఎందుకో చెప్పకుండా పండక్కి ఇచ్చినట్టు ఇవ్వొచ్చు. చెప్పి ఇస్తే రెండు రోజుల్లో వీధంతా తెలుస్తుంది, షావుకారు చెవినా పడుతుంది. అందుకే ఆయనతో మాట్లాడకముందు ఆవిడ దగ్గరకు వెళ్లొద్దు. ఆ తర్వాత మాత్రం చెప్పే ఇవ్వండి అంటాను.

ఎందుకంటే ఆవిడ మీ కాటాకు వచ్చింది మిమ్మల్ని చూసి మాత్రమే కాదు. ఆ ప్రాంతంలో ప్రభువును నమ్ముకున్నవాళ్ల మాట మీద ఒక నమ్మకం ఉంది, దాన్ని సంపాదించినవాళ్లు వేరే ఉన్నారు. మీకు దగ్గర్లోని సోంపేట ఆస్పత్రిలో కెనడా నుంచి వచ్చిన కంటి డాక్టర్ బెన్ గలిసన్ ఏళ్ల తరబడి చూపు పోయిన పేదలకు ఆపరేషన్లు చేశారు. ఆ పనికి సాయం పంపడానికే 1963లో కెనడాలో ఒక సంస్థ మొదలైంది. ఆవిడ తరంలో ఆ ఆస్పత్రి గడప తొక్కిన ఇళ్లు ఎన్నో. మీ తాతగారికి అక్షరాలు నేర్పిన బడి కూడా అలాంటి చేతులు పెట్టిందే. వాళ్లు కూడబెట్టిన నమ్మకాన్ని ఆ రోజు నాలుగు చీటీల్లో ఖర్చుపెట్టారు. మీరే వెళ్లి నిజం చెబితే ఆవిడ కోప్పడొచ్చు, శాపనార్థాలు పెట్టొచ్చు, ఇంకెప్పుడూ మీ ముఖం చూడకపోవచ్చు. అయినా ప్రభువును నమ్ముకున్నవాడు తప్పు చేస్తే వచ్చి ఒప్పుకుంటాడని ఆవిడకు తెలుస్తుంది.

పాస్టరు గారి మీద కోపం పెట్టుకోవద్దు. చూచాయగా చెప్పినదానికి చూచాయగానే జవాబిచ్చారు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పి, సిమెంటు సంగతి కూడా కలిపి, పక్కన నిలబడతారా అని అడగండి. నిలబడితే మంచిది. లేకపోతే సంఘ పెద్దల్లో నోరు పదిలంగా ఉండే ఒకరిని చూసుకోండి. షావుకారు దగ్గరకు వెళ్లే రోజు మీ కోసం ప్రార్థన చేసే మనిషి ఒకరుండాలి.

బైబిలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అన్నారు. ఆగిపోయిన చోట, సామెతలు 11 దగ్గరే మొదలుపెట్టొద్దు. 32వ కీర్తన తీయండి. నోరు మూసుకుని ఉన్నంత కాలం ఎముకలు కూడా అరిగిపోయాయని దావీదు రాసుకున్నది అందులోనే ఉంది, ఒప్పుకున్నాక ఏమైందో కూడా అందులోనే ఉంది. తర్వాత లూకా మూడు, పంతొమ్మిది. ఆ తర్వాత హెబ్రీ 13 మొదటి నుంచి చివరిదాకా, కుటుంబ ప్రార్థనలో, మీ భార్య చేత పైకి చదివించుకుని వినండి. ఆవిడ గొంతులో ఆ ఐదో వచనం విన్నాక ఇద్దరూ అప్పుల కాగితం ముందు కూర్చోండి.

అమ్మాయికి చెప్పాలా వద్దా అన్నది మీరు అడగలేదు గానీ, ఒక మాట. ఇరవై ఏళ్ల పిల్ల, రేపు వార్డులో రోగి బీపీ ఎంత ఉంటే అంతే రాయాల్సిన మనిషి. ఫీజు కట్టడం ఆలస్యమైతే ఎందుకో ఆమెకు తెలియాలి, ఇంకెవరో చెబితే తెలియకూడదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మీరే చెప్పండి. షావుకారుతో మాట్లాడాక ఏమన్నాడో నాకు రాయండి. ఈ సీజన్ మొదలయ్యేలోపు రాస్తే అడ్వాన్సు కాగితం ఎలా రాసుకోవాలో కూడా కలిసి చూద్దాం.